పిల్లల పుటలోకి శాలిహుండం రావాలి

సంపాదకులు గారికి,
నమస్కారములు.

మీ ఆదివారం సంచిక పిల్లల పుటలో ఈ మధ్య కొన్ని వారాలపాటు వచ్చిన సాహస కథను మా పాఠశాలలో ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు పోటీలు పడి చదివారు. సోమవారం ఉదయం ప్రార్థన కాకముందే కథలో తరువాత ఏమి జరగబోతుందోనని వాదించుకునేవారు. పాఠ్యపుస్తకం తప్ప మరో పుస్తకం ముట్టని పిల్లల చేత ఇంత ఇష్టంగా చదివించినందుకు ముందుగా మీకు, ఆ కథా రచయితకు కృతజ్ఞతలు. ఆ ఇష్టాన్ని కళ్లారా చూశాను కనుకనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ కథలో నలుగురు పిల్లలు ఒక బౌద్ధ స్తూపం అడుగున రహస్య ద్వారం కనిపెట్టి, మెట్లు దిగి, విశాలమైన గదిలో బంగారు కాసుల పెట్టెలు చూస్తారు. స్తూపానికి లోపల గది ఉండదు. మెట్లు ఉండవు, ద్వారమూ ఉండదు. బుద్ధునిదో, పూజ్యుడైన భిక్షువుదో ధాతువును, అంటే ఎముక, పన్ను వంటి అవశేషాన్ని, చిన్న భరిణెలో పెట్టి, దాని చుట్టూ ఇటుకతో, మట్టితో, రాతితో గట్టిగా నింపి కట్టిన అర్ధగోళమే స్తూపం. భక్తులు దాని లోపలికి వెళ్లరు, చుట్టూ ప్రదక్షిణ చేస్తారు. కట్టడం ఎందుకు పుట్టిందో తెలిస్తే దాని ఆకారం అర్థమవుతుంది. అది తెలియకుండా చదివిన పిల్లవాడు రేపు నిజమైన స్తూపం ముందు నిలబడినప్పుడు వాడి కళ్లు లేని తలుపు కోసం వెతుకుతాయి, ఉన్న పనితనాన్ని చూడవు. కథ చదివిన మా పిల్లలు కొందరు నన్ను అడిగిన మొదటి ప్రశ్న కూడా, మా దగ్గరి బౌద్ధ క్షేత్రమైన శాలిహుండంలో ఆ తలుపు ఏ వైపు ఉందనే.

ప్రాచీన కట్టడాల గురించి పిల్లలకు చెప్పడానికి సాహస కథ కావాలి, వాస్తవాలు చెప్పే పుస్తకమూ కావాలి, ఆ రెండూ ఒకే కట్టడం మీద పక్కపక్కనే రావాలి అన్నది నా విన్నపం. కథలోని ఉత్కంఠ దొంగలూ నిధులూ లేకుండానే, ఆ కట్టడాన్ని ఎలా కట్టారు, ఎలా కనుగొన్నారు, ఎలా కాపాడారు అన్న ప్రశ్నల నుంచే పుట్టగలదని కూడా చెప్పదలిచాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పిల్లలకు ఇది మరీ అవసరం. వారు రోజూ బస్సులో దాటి వచ్చే కొండల మీదనే ఇటువంటి కట్టడాలు ఉన్నాయి.

శాలిహుండాన్నే తీసుకుందాం. వంశధార దక్షిణపు ఒడ్డున, నది కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే చోటికి కొద్ది దూరంలో, ఒక కొండ మీద స్తూపాలు, చైత్యగృహాలు అనే పూజామందిరాలు, భిక్షువులు నివసించిన విహారాల శిథిలాలు ఉన్నాయి. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దం నుంచి క్రీస్తుశకం 12వ శతాబ్దం వరకు అక్కడ బౌద్ధం నిలిచిందని పురావస్తు శాఖ తవ్వకాలను బట్టి చెబుతున్నారు. వెయ్యేళ్లకు పైబడిన ఈ కాలాన్ని మా పాఠ్యపుస్తకం ఒక వాక్యంలో దాటవేస్తుంది. ఆ కొండ ఎక్కిన పిల్లవాడు మాత్రం ముందుగా ఇటుకను చూస్తాడు. అది వాళ్ల ఇంటి ఇటుక కంటే చాలా పెద్దది. ఎందుకంత పెద్దది, ఇన్ని వేల ఇటుకలు కొండ మీదికి ఎవరు మోశారు, మట్టి ఎక్కడిది, కాల్చడానికి కట్టెలు ఎక్కడివి అని అడగడం మొదలుపెడతాడు. అక్కడి స్తూపాలలో ఒకదాని పునాది బండిచక్రం ఆకారంలో ఉంటుంది. నడుమ చక్రపు కుంభంలాంటి గుండ్రటి భాగం, దాని నుంచి బయటి వలయం దాకా చక్రపు ఆకుల్లాగా సాగిన ఇటుక గోడలు, ఆ గోడల మధ్య ఖాళీలలో నింపిన మట్టి కనిపిస్తాయి. అంతా ఇటుకతో కట్టవలసిన పని లేకుండా, బరువును ఆ అడ్డగోడలు పంచుకొనేలా, లోపలి మట్టి బయటికి తోసుకురాకుండా వేసిన లెక్క అది. ధర్మచక్రానికి గుర్తు కావచ్చు, గట్టితనం కోసం చేసిన ఉపాయమూ కావచ్చు, బహుశా రెండూ. ఇంత ఆలోచన ఇమిడిన పునాదిని ఒక నిలువుకోత బొమ్మతో, ఒక అడ్డకోత బొమ్మతో పిల్లలకు చూపించవచ్చు. మీ పత్రికలో చిత్రకారులు ఉన్నారు. అరపుట చాలు.

అరసవల్లి సూర్యదేవాలయం సంగతి మరింత ఆశ్చర్యం కలిగిస్తుంది. ఏటా మార్చి 9, 10 తేదీల ప్రాంతంలోనూ, అక్టోబరు 1, 2 తేదీల ప్రాంతంలోనూ ఉదయపు సూర్యకిరణాలు ఆలయంలోకి ప్రవేశించి మూలవిరాట్టు పాదాలను తాకుతాయని ఈ ప్రాంతంలో తెలియనివారు లేరు. ఆ రోజుల్లో మీ పత్రిక ఫొటో కూడా వేస్తుంది. అయితే ఏడాదికి రెండుసార్లే ఎందుకు, ఆ తేదీల్లోనే ఎందుకు అని పిల్లలకు చెప్పినవారు తక్కువ. సూర్యుడు రోజూ ఒకే చోట ఉదయించడు. జూన్ నెలాఖరు నుంచి ఉదయించే చోటు దక్షిణానికి జరుగుతూ పోయి, డిసెంబరు 21 ప్రాంతంలో ఆగి, మళ్లీ ఉత్తరానికి తిరుగుతుంది. అందుచేత క్షితిజం మీద ప్రతి చోటును వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి దాటుతుంది. క్యాలెండరు తీసి లెక్కపెట్టమంటే పిల్లలే చెబుతారు, అక్టోబరు 2 నుంచి డిసెంబరు 21 వరకు 80 రోజులు, అక్కడి నుంచి మార్చి 11 వరకు మళ్లీ 80 రోజులు. ఈ లెక్క తరగతిలో వేసినప్పుడు ఒక అమ్మాయి, అయితే ఆ గుడి కట్టినవాళ్లు కనీసం ఒక ఏడాది పాటు రోజూ తెల్లవారుజామున లేచి చూసుండాలి కదా అంది. ఏ పాఠ్యపుస్తకంలోనూ లేని మాట అది. ఒక కథకు ఇంతకంటే మంచి ఆరంభం ఏం కావాలి? గుడి కట్టబోయే స్థపతి కొడుకో కూతురో ఏడాదంతా సూర్యోదయాన్ని గుర్తుపెట్టే పని మీద ఉంటే, సరిగ్గా కావలసిన ఉదయాన మబ్బు పడితే ఏం చేస్తారు? ఇందులో ఉన్న ఉత్కంఠ దొంగల ముఠా కథలో ఉన్నదానికి తీసిపోదు.

ఇదే పద్ధతి ఈజిప్టులోనూ కనిపిస్తుందని చెప్పినప్పుడు పిల్లల ముఖాలు వెలిగిపోతాయి. క్రీస్తుపూర్వం 13వ శతాబ్దంలో రెండో రామ్‌సెస్ కొండను తొలిపించి కట్టించిన అబూ సింబెల్ ఆలయంలోకి ఫిబ్రవరి 22న, అక్టోబరు 22న సూర్యకాంతి లోపలి గర్భగృహం దాకా వెళ్తుంది. డిసెంబరు 21కి రెండు వైపులా సుమారు రెండు నెలలు. అక్కడి లెక్క వేరు, ఆకాశం ఒక్కటే. తమ ఊరి గుడి ద్వారా ప్రపంచంలోని గొప్ప కట్టడాలను అర్థం చేసుకున్న పిల్లవాడికి అవి దూరపు వింతలుగా అనిపించవు. ఇలా చెబితే భక్తి తగ్గుతుందేమోనని ఒకరిద్దరు తల్లిదండ్రులు నాతో అన్నారు. ఎందరో ఎన్నాళ్లో కనిపెట్టుకొని, కొలిచి, రాయి మీద రాయి పేర్చి చేసిన సేవ అది అని తెలిసిన పిల్లలు మునుపటి కంటే శ్రద్ధగా చేతులు జోడించడమే నేను చూశాను.

శ్రీముఖలింగం గురించి చెప్పాలంటే ఒక ఉత్తరం చాలదు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం అదేనని చరిత్రకారులు గుర్తించారు. పూరీ యాత్ర చేసి వచ్చే మన కుటుంబాలలో ఎంతమందికి, ఆ జగన్నాథాలయ నిర్మాణం తలపెట్టిన అనంతవర్మ చోడగంగదేవుడు మొదట మన వంశధార ఒడ్డు నుంచే పాలించాడని తెలుసు? శ్రీముఖలింగంలో మధుకేశ్వరాలయం, భీమేశ్వరాలయం, సోమేశ్వరాలయం ఉన్నాయి. సోమేశ్వరాలయానికి ముందు మండపం లేదు. గర్భగుడి, దాని మీద వంపు తిరిగి పైకి లేచిన శిఖరం మాత్రమే ఉన్నందున కళింగ శైలి ఎలా ఉంటుందో పిల్లలకు ఒక్క చూపులో తెలుస్తుంది. ఇటువంటి శిఖరాలను కమానుతో నిలబెట్టలేదు. ప్రతి రాతి వరుసను కింది వరుస కంటే కొద్దిగా లోపలికి జరుపుతూ పోయి, నాలుగు వైపులవీ పైన దగ్గరయ్యేదాకా పేర్చారు. పై బరువే కింది రాళ్లను కదలకుండా అదిమి పెడుతుంది. దీన్ని చెప్పడానికి నాకు నల్లబల్ల అవసరం రాలేదు. బల్ల మీద రెండు వైపులా నోటుపుస్తకాలు దొంతరలుగా పెట్టి, ఒక్కొక్కటి కొద్దిగా లోపలికి జరుపుతూ కలపమంటే, మొదట రెండుమూడుసార్లు కూలిపోయి, తరువాత వెనుక వైపు బరువు పెట్టాలని పిల్లలే కనిపెట్టారు. వాస్తవాల పుస్తకం అంటే తేదీల పట్టిక కాదు, ఇలా చేతులకు పని చెప్పేది. పిల్లల పుటలో ప్రతి కట్టడంతోపాటు ఇంట్లో చేసి చూడదగిన పని ఒకటి ఇవ్వండి.

వాస్తవాలే ఇంత ఆసక్తికరమైతే కథ ఎందుకు అని ఎవరైనా అడగవచ్చు. వాస్తవం కట్టడాన్ని చూపిస్తుంది, కట్టిన మనిషిని చాలాసార్లు చూపించలేదు. శాసనాలలో రాజు పేరు ఉంటుంది, దాత పేరు ఉంటుంది, అఖండదీపానికి ఎన్ని మాడలు ఇచ్చారో ఉంటుంది. రాయి మోసినవాడి ఆకలి, శిఖరం ఎక్కినవాడి భయం, వాన ముంచుకొస్తుంటే ఇటుకల బట్టీని కప్పినవారి హడావుడి ఉండవు. ఆ ఖాళీని పూరించే హక్కు కథకు ఉంది. అరుదుగా ఎక్కడో ఒకచోట వాస్తవమే ఆ మనిషిని కూడా మనకు ఇస్తుంది. గిజాలోని ఖుఫూ పిరమిడ్‌ను గ్రహాంతరవాసులు కట్టారని చెప్పే వీడియోలు మా పిల్లలందరూ చూశారు. దాదాపు 23 లక్షల రాళ్లతో, మొదట 146 మీటర్ల ఎత్తున కట్టిన ఆ పిరమిడ్ పనిలో పాల్గొన్న మెరెర్ అనే అధికారి దినచర్య రాసిన పపైరస్ కాగితాలు 2013లో ఎర్రసముద్ర తీరంలోని వాది అల్ జర్ఫ్‌లో దొరికాయని మాత్రం వారికి ఎవరూ చెప్పలేదు. సుమారు 40 మంది మనుషులతో తూరా గనుల నుంచి సున్నపురాయిని పడవకెక్కించి నైలు నది మీదుగా గిజాకు చేరవేయడం, దించి మళ్లీ వెనక్కి వెళ్లడం, ఏ రోజు ఏ పని జరిగిందో అన్నీ అతడు రాసుకున్నాడు. 4,500 ఏళ్ల కిందటి పనిదినం అది. గ్రహాంతరవాసుల కంటే ఈ మెరెర్ మా పిల్లలకు బాగా నచ్చాడు. పడవలో రాయి ఎక్కించే తరగతి నాటకం కూడా వారే రాసుకున్నారు.

ఇక నిధుల సంగతి. ఈ విషయంలో నేను కొంచెం గట్టిగానే రాయవలసి వస్తోంది. మన పిల్లల కథలలో పాడుబడిన గుడి కనిపించిందంటే దాని కింద లంకెబిందెలు ఉండి తీరాలి, వాటికి నాగుపాము కాపలా ఉండాలి, చివరికి గోడ పగలగొట్టాలి. బయటి ప్రపంచంలో అదే నమ్మకంతో గుప్తనిధుల కోసం గర్భగుడులు తవ్వేవారు, నంది విగ్రహాలు పగలగొట్టేవారు ఉన్నారు. ఆ వార్తలు మీ పత్రికలోనే వస్తుంటాయి. ఒక పుటలో నేరంగా కనిపించే పని మరో పుటలో సాహసంగా కనిపించడం సరికాదు. తవ్వకం దొంగ దృష్టితో జరిగితే ఏమవుతుందో అమరావతి స్తూపం చెబుతుంది. 18వ శతాబ్దం చివర ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ దాన్ని చూసేనాటికే అక్కడి జమీందారు మనుషులు ఆ దిబ్బను తవ్వి రాళ్లను ఇళ్ల పనికి తీసుకుపోతున్నారు. ఆయన 1816లో మళ్లీ వచ్చేసరికి స్తూపం నడిమి భాగం తవ్వేసి ఉంది. మిగిలిన శిల్పాలు తరువాత మద్రాసుకు, లండన్‌కు చేరాయి. భూమిలో దొరికిన వస్తువు విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టమే చెబుతోంది. కథలోని పిల్లలకు నిజంగానే ఏదైనా దొరికిందనుకుందాం. దాన్ని కదపకుండా అక్కడే ఉంచి, గుర్తు పెట్టుకొని, ఊరి పెద్దలను ఒప్పించి, అధికారులు వచ్చేదాకా రాత్రంతా కాపలా కాస్తే అది సాహసం కాదా?

అలాంటి సాహసాలు నిజంగానే జరిగాయి. 1940 సెప్టెంబరులో ఫ్రాన్స్‌లోని లాస్కో గుహలోకి దిగి, వేల ఏళ్ల నాటి గోడచిత్రాలను దీపం వెలుగులో చూసినవారు నలుగురు కుర్రవాళ్లు. వారిలో పెద్దవాడికి 18 ఏళ్లు. వారు చెప్పినది తమ బడిలో పాఠం చెప్పిన లియోన్ లావల్ అనే ఉపాధ్యాయునికి. ఆయన ద్వారా ఆ సంగతి పండితులకు చేరింది. జనం ఊపిరి తేమకు చిత్రాలు పాడవుతున్నాయని తెలిసి 1963లో ఆ గుహను సందర్శకులకు మూసివేశారన్న విషయం కూడా ఆ కథలో భాగంగా చెప్పాలి. మన వైపు చూస్తే, 1926లో నాగార్జునకొండ దగ్గర ఒక ప్రాచీన స్తంభాన్ని గమనించి ప్రభుత్వానికి తెలియజేసినవారు సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు. 1919లో శాలిహుండాన్ని వెలుగులోకి తెచ్చినవారు మన గిడుగు వెంకట రామమూర్తి. వ్యావహారిక భాష కోసం పోరాడిన పెద్దగా ఆయనను అందరూ ఎరుగుదురు. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టి, పర్లాకిమిడిలో చరిత్ర పాఠాలు చెబుతూ, ముఖలింగం గుడి శాసనాల పాత లిపిని స్వయంకృషితో నేర్చుకొని చదివిన మనిషిగా పిల్లలు ఆయనను ఎరగరు. ఒక యువ ఉపాధ్యాయుడు గుడి గోడ ముందు నిలబడి, అర్థంకాని ఒక్కొక్క అక్షరాన్నీ పట్టుకొని రోజుల తరబడి పెనుగులాడడం మీద సాహస కథ ఎవరైనా రాయరా అని ఎన్నో ఏళ్లుగా ఎదురుచూస్తున్నాను.

నాగార్జునకొండ దగ్గరే మరొక కథ కూడా సిద్ధంగా ఉంది. ఆనకట్ట కడితే లోయ మొత్తం మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 వరకు పురావస్తు శాఖవారు నీళ్లు రాకముందే లోయనంతా తవ్వి నమోదు చేశారు. ముఖ్యమైన కట్టడాలను కొన్నింటిని విడదీసి కొండ మీదికి చేర్చి తిరిగి నిలబెట్టారు. ఇప్పుడు ఆ కొండే ద్వీపం. నేను పైన చెప్పిన అబూ సింబెల్‌ను కూడా 1964 నుంచి 1968 వరకు ముక్కలుగా కోసి, నీటిమట్టానికి పైకి ఎత్తి, సూర్యకిరణం మళ్లీ లోపలికి వచ్చేలా దిక్కు చెడకుండా అమర్చారు. పెరిగే నీటికీ మనిషికీ మధ్య జరిగిన ఇటువంటి పందెంలో విలన్ అక్కర్లేదు.

కథలో కల్పన ఎక్కడ మొదలవుతుందో పిల్లలకు తెలియాలన్నది నా మరో విన్నపం. ఆమదాలవలస ప్రాంతంలోని దంతవక్త్రుని కోటనే చూడండి. కృష్ణుడితో వైరం పెట్టుకున్న దంతవక్త్రుడి కోట అని జనం చెప్పుకుంటారు. బౌద్ధ గ్రంథాలలోని కళింగ దంతపురం ఇదేనని కొందరు పండితులు, కాదు ఒడిశా తీరంలోనిదని మరికొందరు వాదించారు. సింహళ బౌద్ధ గాథ ప్రకారం బుద్ధుని దంతధాతువు శత్రువుల చేతికి చిక్కకుండా కళింగరాజు గుహశివుని కూతురు హేమమాల దాన్ని తన జడలో దాచుకొని, భర్త దంతకుమారునితో కలిసి మారువేషంలో ఓడెక్కి సింహళం చేరింది. అందులో రాకుమారి ఉంది, వేషం మార్చడం ఉంది, సముద్రప్రయాణం ఉంది. ఏ రచయితకైనా చేయి దురదపెట్టే కథ ఇది. దీన్ని నిరభ్యంతరంగా కథగా రాయవచ్చు. చివరలో చిన్న పెట్టె కట్టి, కోటలో మట్టి గోడల ఆనవాళ్లు నిజంగా ఉన్నాయని, హేమమాల కథ గాథలలో ఉందని, ఊరి గుర్తింపు మీద పండితులలో భేదాభిప్రాయం ఉందని, కథలోని పడవవాడి కొడుకు రచయిత ఊహ అని నాలుగు వాక్యాలు రాస్తే చాలు. పన్నెండేళ్ల పిల్లలు దాన్ని తేలికగా అర్థం చేసుకుంటారు. ఒకదాన్ని నమ్మడానికీ మరొకదాన్ని ఆనందించడానికీ తేడా వారికి తెలుసు, మనం దాచకపోతే.

బొబ్బిలి యుద్ధం గురించి విడిగా చెప్పనక్కర్లేదు. 1757 జనవరి 24న జరిగిన ఆ పోరును బుర్రకథలు ఇంటింటికీ చేర్చాయి. ప్రాచీన కట్టడం కాకపోయినా, ఒక స్థలాన్ని తరతరాల పిల్లల మనసులో నిలపగల శక్తి కథకు ఉందనడానికి మన రెండు జిల్లాలలోనే ఉన్న రుజువు అది. రామతీర్థంలో రాములవారి కొండకు వెళ్లే వేలమంది పక్కనే ఉన్న గురుభక్తులకొండ మీది బౌద్ధారామాన్ని చూడకుండా తిరిగి రావడానికి కారణం కూడా, దానికి కథ లేకపోవడమే అని నాకు తోస్తుంది.

కథలలోని పిల్లలు మన పిల్లల్లాగా మాట్లాడాలన్నది చిన్న కోరికే కానీ మనసులో ఉన్నది. సాహసం చేసే పిల్లలందరూ హైదరాబాదు నుంచి సెలవులకు వచ్చినవారే కానక్కర్లేదు. "ఏటిది?" అని అడిగే గార మండలం పిల్లే ఇటుకను మొదట గుర్తుపట్టవచ్చు. గిడుగువారు పుట్టిన నేల మీద ఈ మాట అడగడానికి నేను సంకోచించను.

మీరు చేయగలిగినదేమిటో కూడా స్పష్టంగా రాస్తాను. పిల్లల పుటలో నెలకు ఒక కట్టడం చొప్పున తీసుకోండి. మొదటి వారం ఆ కట్టడాన్ని ఎలా కట్టారో కోతబొమ్మలతో ఒక వ్యాసం వేయండి. తక్కిన వారాల్లో దాని చుట్టూ అల్లిన సాహస కథ, చివరి వారం కథతోపాటు నిజమేదో ఊహ ఏదో చెప్పే పెట్టె వేయండి. కథ అచ్చుకు వెళ్లే ముందు ఆ కట్టడం తెలిసిన పురావస్తు శాఖ ఉద్యోగికో, చరిత్ర అధ్యాపకునికో ఒకసారి చూపించండి. లోపల గది లేని స్తూపంలో గది కనిపించిన పొరపాటు అక్కడే ఆగిపోయేది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రచయితలకు ప్రత్యేకంగా పిలుపునివ్వండి. వారు ఒకసారి ఆ కొండ ఎక్కి, ఒక పూట గడిపి రాయాలని షరతు పెట్టినా తప్పులేదు. జిల్లా గ్రంథాలయ సంస్థలవారు ఆ పుటలను ఏడాది చివర చిన్న పుస్తకాలుగా కుట్టి శాఖా గ్రంథాలయాలకు పంపగలరు. బళ్లలో గ్రంథాలయ పీరియడ్ ఉంది, చదివించే బాధ్యత మా ఉపాధ్యాయులది. విహారయాత్ర అనగానే సముద్రతీరానికి బస్సు కట్టే మేము, కథ చదివిన నెలలో ఆ కట్టడానికి పిల్లలను తీసుకువెళ్లి, గోడలెక్కకుండా, పేర్లు చెక్కకుండా, ఇటుక ముక్క జేబులో వేసుకోకుండా చూసుకోగలం.

ఈ వరుసను శాలిహుండంతో మొదలుపెట్టమని, మొదటి భాగాన్ని గిడుగువారి జయంతి అయిన ఆగస్టు 29కి దగ్గరి ఆదివారం వేయమని కోరుతున్నాను. చక్రం ఆకారపు పునాదికి మా పిల్లలు గీసిన కోతబొమ్మలు మా దగ్గర ఉన్నాయి. మీ చిత్రకారులకు పనికివస్తాయనుకుంటే పంపిస్తాము.

ఇట్లు,
సాంఘికశాస్త్ర ఉపాధ్యాయురాలు,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా.